పెద్దలు వద్దనే సలహాలు: మాదాపూర్ ఐసీయూ ఉద్యోగానికి వచ్చే నర్సులకు

విజయవాడ నుంచో, ఖమ్మం నుంచో, నల్గొండ నుంచో హైదరాబాద్ వచ్చి ఐసీయూలో చేరాలనుకునే నర్సుకు ఎక్కడికి వెళ్లినా ఒకే రకం సలహాలు దొరుకుతాయి. పెద్ద పేరున్న ఆసుపత్రి చూసుకో. ఇన్‌హ్యాండ్ ఎంతో కనుక్కో. ఆఫర్ రాగానే చేరిపో, గది సంగతి తర్వాత చూసుకోవచ్చు. ఇంటర్వ్యూలో అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకో, ఎదురు ప్రశ్నలు వేయకు. సర్టిఫికెట్లు అడిగితే ఇచ్చెయ్, అందరూ ఇస్తున్నారు.

నేను చెప్పేవన్నీ వీటికి ఎదురు. మీ సీనియర్లకు చూపిస్తే తలతిక్క సలహాలని కొట్టిపారేస్తారు. ఇంట్లోవాళ్లు భయపడతారు. అయినా ఇవే పాటించమని అడుగుతున్నాను. వార్డులో పొరపాటు జరిగితే సర్దుకోవడానికి కొంత సమయం ఉంటుంది. ఐసీయూలో ఆ సమయం నిమిషాల్లోనే అయిపోతుంది. రాత్రి మూడు గంటలకు మీ రోగి బీపీ పడిపోయి, పక్క మంచంలో ఇన్ఫ్యూజన్ పంపు మోగుతుంటే, మీరు కేక వేయగానే వచ్చేదెవరు? ఆసుపత్రిని ఎంచుకోవడానికి ఇంతకు మించిన ప్రశ్న లేదు. కింది సలహాలన్నీ దీని చుట్టూ తిరిగేవే.

మాదాపూర్‌లో ఎంపికకు కొదవ లేదు. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక ఈ చుట్టుపక్కల ముందు ఆఫీసులు, వాటి వెనకే హాస్టళ్లు, ఆ తర్వాత కార్పొరేట్ ఆసుపత్రులు వచ్చాయి. సైబర్ టవర్స్ వెనక మెడికవర్, హైటెక్ సిటీ వైపు యశోద, కొండాపూర్‌లో కిమ్స్, గచ్చిబౌలి దారిలో ఏఐజీ, కేర్, ఇంకా ముందుకెళ్తే నానక్‌రామ్‌గూడలో కాంటినెంటల్. ఇవి కాక చిన్నవి, మధ్యరకానివి సందుసందునా ఉన్నాయి. ఎంపిక ఎక్కువ ఉన్నచోటే తొందరపడి ఎంచుకునేవాళ్లూ ఎక్కువ.

1. ఆసుపత్రి కంటే ముందు గది చూడండి

ఉద్యోగం రాకముందే గది ఏమిటని అడుగుతారు. ముందే చూడాలి. ముందు మీరు నడిచి వెళ్లగలిగే దూరం, లేదా ఒక్క మెట్రో ఎక్కితే చేరే దూరం గీసుకోండి. ఆ గీత లోపల ఉన్న ఆసుపత్రులకే దరఖాస్తు చేయండి.

చాలాచోట్ల డ్యూటీలు ఉదయం ఎనిమిది నుంచి రెండు, రెండు నుంచి ఎనిమిది, రాత్రి ఎనిమిది నుంచి మళ్లీ ఉదయం ఎనిమిది వరకు. నైట్ డ్యూటీకి మీరు బయల్దేరే వేళకే ఐటీ ఆఫీసులు వదులుతాయి. కొత్తగూడ జంక్షన్, సైబర్ టవర్స్ జంక్షన్, బయోడైవర్సిటీ దగ్గర ఆటోలో కూర్చుని వాచీ చూసుకోవడమే మిగులుతుంది. ఆలస్యమైతే హ్యాండోవర్ హడావిడిగా జరుగుతుంది. ఐసీయూ పొరపాట్లలో చాలా వాటికి బీజం ఆ హడావిడి హ్యాండోవర్‌లోనే పడుతుంది.

మెట్రో బ్లూ లైన్ 2019 మార్చిలో హైటెక్ సిటీ వరకు, అదే ఏడాది నవంబరులో రాయదుర్గం వరకు వచ్చింది. మాదాపూర్, దుర్గం చెరువు, హైటెక్ సిటీ స్టేషన్లకు నడక దూరంలో ఉన్న ఆసుపత్రి అయితే యూసుఫ్‌గూడలోనో అమీర్‌పేటలోనో ఉండి కూడా మూడు షిఫ్టులకూ వేళకు చేరవచ్చు. రాయదుర్గం దాటి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉద్యోగమైతే స్టేషన్ దిగాక ఇంకో బండి ఎక్కాలి. ఆసుపత్రి బస్సు ఉందా, ఏ స్టేషన్ దగ్గర ఆగుతుంది, మధ్యాహ్నం డ్యూటీ దిగేవాళ్లకు రాత్రి తొమ్మిదికి కూడా ఉంటుందా అని అడగండి.

హాస్టల్ చూసేటప్పుడు గేటు ఎన్నింటికి వేస్తారో మొదట కనుక్కోండి. అయ్యప్ప సొసైటీలో, మాదాపూర్ సందుల్లో హాస్టళ్లు చాలావరకు ఆఫీసుకెళ్లే అమ్మాయిల వేళలకు నడుస్తాయి. ఉదయం తొమ్మిదిన్నరకు అలసిపోయి వచ్చే మీకు టిఫిన్ మిగులుతుందా, మధ్యాహ్నం లేచాక అన్నం ఉంటుందా అడగండి. గదిలో తోడుండేవాళ్లు పగలు ఆఫీసుకు వెళ్లేవాళ్లయితే మీకు మేలు. గది నిశ్శబ్దంగా ఉంటుంది, నిద్ర పడుతుంది. నిద్ర లేని నర్సు డోసు లెక్క తప్పుతుంది. అందుకే గదికి మొదటి స్థానం ఇచ్చాను.

2. బోర్డు మీది పేరు మరిచిపోయి మంచాలు లెక్కపెట్టండి

ఒకే ఆసుపత్రిలో కార్డియాక్ ఐసీయూ బాగుండి మెడికల్ ఐసీయూ అధ్వానంగా ఉండొచ్చు. మీరు చేరేది ఆసుపత్రిలో అని ఆఫర్ లెటర్ చెబుతుంది. నిజానికి చేరేది ఒక అంతస్తులో, ఒక ఇన్‌చార్జ్ సిస్టర్ కింద. అందుకే పేరు గురించి ఆలోచించడం మాని ఈ లెక్క అడగండి: రాత్రి షిఫ్టులో ఎన్ని మంచాలకు ఎంతమంది స్టాఫ్? అందులో వెంటిలేటర్ మీద ఉన్నవి ఎన్ని?

వెంటిలేటర్ మీదున్న రోగికి ఒక నర్సు, వెంటిలేటర్ లేని ఐసీయూ రోగులు ఇద్దరికి ఒక నర్సు అన్నది మన దేశంలో అక్రెడిటేషన్ కోసం అడిగే లెక్క. ఇది ప్రతి షిఫ్టుకూ వర్తించాలి. పగలు బాగానే ఉండి, రాత్రి ఒక నర్సుకు ముగ్గురు వెంటిలేటర్ రోగులొస్తే ఆ లెక్క గోడ మీది సర్టిఫికెట్‌కే పరిమితం.

ఇది మీ సుఖం కోసం అడిగే ప్రశ్న అనుకుంటారేమో. అమెరికాలోని పెన్సిల్వేనియాలో 168 ఆసుపత్రుల మీద లిండా ఐకెన్ బృందం చేసిన అధ్యయనం 2002లో వెలువడింది. ఒక్కో నర్సు మీద ఒక్కో రోగి భారం పెరిగేకొద్దీ, ఆపరేషన్ అయినవాళ్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగిందని ఆ అధ్యయనం తేల్చింది. నర్సులు పనితో పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. కాబట్టి మీరు మంచాలు లెక్కపెట్టడమంటే రోగి తరఫున అడగడమే.

ఈ ప్రశ్న హెచ్‌ఆర్‌ను అడిగితే రూలు చెబుతారు. ఐసీయూ ఇన్‌చార్జ్‌ను అడగండి. వీలైతే ఆ వారం డ్యూటీ రోస్టర్ చూపించమనండి. ఎవరైనా ఉన్నట్టుండి రాకపోతే ఆ మంచాలు ఎవరికి వెళ్తాయో అడగండి. రాత్రి ఆయా, వార్డ్ బాయ్ ఉంటారా అని కూడా. తొంభై కిలోల రోగిని పక్కకు తిప్పడానికి మనిషి సాయం లేకపోతే రోగికి పుండు పడుతుంది, మీ నడుము పోతుంది.

3. చేస్తున్నవాళ్లను వదిలి, మానేసినవాళ్లను అడగండి

మానేసినవాళ్లు ఎలాగూ చెడే చెబుతారు, వాళ్ల మాట పట్టించుకోకు అంటారు. పట్టించుకోండి. పనిచేస్తున్నవాళ్లకు రేపు మళ్లీ అదే ఇన్‌చార్జ్ ముందు నిలబడాలి, మనసులో మాట చెప్పలేరు. మీ కాలేజీ సీనియర్లలో, హాస్టల్లో, చర్చిలో, ఊరివాళ్లలో ఎవరో ఒకరు ఆ ఆసుపత్రిలో చేసి మానేసినవాళ్లు దొరుకుతారు. ఇద్దరు ముగ్గురిని విడివిడిగా అడగండి.

ఎందుకు మానేశావని అడిగితే మనసులో కోపమే బయటికొస్తుంది. జరిగినవి అడగండి. చివరి నెల జీతం ఎన్నాళ్లకు చేతికొచ్చింది? ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ అడిగిన ఎన్ని రోజులకు ఇచ్చారు? ఆఫ్ రోజున ఎన్నిసార్లు ఫోన్ చేసి రమ్మన్నారు? నైట్ తర్వాత అదే రోజు మధ్యాహ్నం డ్యూటీ వేశారా? ఒకరితో ఒకరికి పరిచయం లేనివాళ్లు ఒకే జవాబు చెబితే నమ్మండి.

దాంతోపాటు ఒక ఉదయం ఆ ఆసుపత్రి గేటు ఎదురుగా టీ కొట్టు దగ్గర నిలబడండి. ఎనిమిదికి దిగాల్సిన నైట్ స్టాఫ్ ఎనిమిదిన్నరకల్లా వస్తున్నారా, తొమ్మిదిన్నరకు వస్తున్నారా చూడండి. హ్యాండోవర్‌కు అరగంట పట్టడం సహజం. గంటన్నర పడుతుంటే రాయాల్సిన నోట్స్ రాత్రంతా రాసే వీలు చిక్కలేదన్నమాట.

4. వచ్చిన రోజే రోగిని అప్పజెప్పే చోటు వద్దు

కొత్త యంత్రాలు చూపించి అబ్బురపరిచే ఆసుపత్రులున్నాయి. అక్కడైతే బాగా నేర్చుకోవచ్చని సీనియర్లూ అంటారు. యంత్రాన్ని చూసి చేరకండి. నేర్పే మనిషిని చూసి చేరండి.

ఐసీయూ అన్న ఆలోచన ఎక్కడ మొదలైందో గుర్తుచేసుకోండి. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో చెలరేగి, ఊపిరి ఆగిపోతున్న రోగులతో బ్లెగ్డమ్ ఆసుపత్రి నిండిపోయింది. యంత్రాలు చాలలేదు. బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ గొంతులో గొట్టం వేయించి, వైద్య విద్యార్థులను వంతులవారీగా రోగి పక్కన కూర్చోబెట్టి రాత్రింబవళ్లు చేత్తో బ్యాగు నొక్కించారు. మంచం పక్కన మనిషి ఉండటం వల్లే చాలామంది బతికారు. ఇప్పటికీ ఐసీయూ అంటే అదే. యంత్రం మోగుతుంది. అది ఎందుకు మోగుతోందో, సక్షన్ చేయాలో డాక్టర్‌ను పిలవాలో తేల్చేది మీరు.

అందుకే ఓరియెంటేషన్ ఎన్ని వారాలు, ఆ వారాల్లో నా పక్కన పేరుపేరునా ఎవరుంటారు అని అడగండి. రోస్టర్‌లో మిమ్మల్ని పూర్తి నర్సుగా లెక్కపెట్టకుండా, సీనియర్ పక్కన ఉంచి నేర్పే వారాలు ఉండాలి. వెంటిలేటర్ సెట్టింగులు, ఏబీజీ చదవడం, నోరాడ్రినలిన్ లాంటి మందుల డోసు లెక్క, క్రాష్ కార్ట్‌లో ఏది ఏ అరలో ఉంది అన్నవి పరీక్ష పెట్టి, పాసయ్యాకే రోగిని ఇచ్చే చోటు దొరికితే వదలకండి. మీరు తెలివైనవాళ్లు, వెంటనే మంచాలు చూసుకోవచ్చు అని పొగిడే చోట మనుషుల కొరత ఉంది.

5. నర్సులు డాక్టర్లకు అడ్డుచెప్పే ఐసీయూలో చేరండి

గొడవలు లేని చోటు చూసుకో అంటారు. నేను మాత్రం, నర్సు నోరు తెరిచి ఆపండి సార్ అనగలిగే చోటు చూసుకోమంటాను. అందరూ తల వంచుకుని పనిచేసే ఐసీయూలో పొరపాటు ఒకరి నుంచి ఇంకొకరికి చేరుతూ రోగి దాకా వెళ్తుంది.

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూల్లో పీటర్ ప్రోనోవోస్ట్ బృందం ఒక చిన్న పద్ధతి పెట్టింది. సెంట్రల్ లైన్ వేసేటప్పుడు చేతులు కడగడం, క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం శుభ్రం చేయడం, రోగిని పూర్తిగా కప్పడం లాంటి ఐదు పనులు. ఏదైనా ఒకటి వదిలేస్తే డాక్టర్‌ను ఆపే అధికారం నర్సుది. మూడు నెలలు తిరిగేసరికి లైన్ నుంచి రక్తంలోకి పాకే ఇన్‌ఫెక్షన్ల మధ్యస్థ రేటు, వెయ్యి క్యాథెటర్ రోజులకు 2.7 నుంచి సున్నాకు దిగింది. ఆ ఫలితాలు 2006లో వెలువడ్డాయి. ఆ మార్పులో నర్సు నోటి మాటకూ భాగం ఉంది.

మీరు చేరబోయే చోట ఇది ఎలా ఉందో తెలుసుకోవాలంటే ఒక ప్రశ్న చాలు: ఇక్కడ ఒక సిస్టర్ డాక్టర్ ఆర్డర్‌ను ప్రశ్నించిన సందర్భం చెప్పండి, ఆ తర్వాత ఏం జరిగింది? ఇన్‌చార్జ్ వెంటనే ఒక సంఘటన చెబితే మంచి చోటు. మా దగ్గర అలాంటివి జరగవు అంటే జరిగినా బయటికి రానివ్వరన్నమాట. రాత్రి డ్యూటీ డాక్టర్ ఐసీయూలోనే ఉంటారా, ఇంకో అంతస్తు నుంచి రావాలా, కన్సల్టెంట్‌కు నర్సు నేరుగా ఫోన్ చేయవచ్చా అని కూడా అడగండి.

6. ఇంటర్వ్యూలో అపశకునం మాట్లాడండి

కొత్త ఉద్యోగానికి వెళ్లి మంటల గురించి, ఆక్సిజన్ అయిపోవడం గురించి ఎవరైనా అడుగుతారా అని మందలిస్తారు. అడగండి.

2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలో నిప్పంటుకుని 90 మంది దాకా చనిపోయారు. రోగులను బయటికి చేర్చుతూ మళ్లీ లోపలికి వెళ్లిన ఇద్దరు కేరళ నర్సులు తిరిగి రాలేదు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ ట్యాంకర్ ఆలస్యమై ఐసీయూలో 11 మంది ఊపిరాగి పోయారని ప్రభుత్వమే చెప్పింది. ఇలాంటి వేళ రోగి పక్కన ఉండేది నర్సే.

ఐసీయూ నుంచి రెండో దారి ఎటు? లిఫ్టు ఆగిపోతే వెంటిలేటర్ రోగిని ఏ దారిన దింపుతారు? ప్రతి మంచానికీ అంబు బ్యాగ్ ఉందా? ఆక్సిజన్ ఒత్తిడి తగ్గితే అలారం ఎక్కడ మోగుతుంది, ఎవరు పరుగెత్తుతారు? చివరి ఫైర్ డ్రిల్ ఎప్పుడు చేశారు? జవాబు తెలిసిన ఇన్‌చార్జ్ మీ ప్రశ్నకు సంతోషిస్తారు.

మీ భద్రత గురించి కూడా ఇక్కడే అడగండి. 2024 ఆగస్టు 9న కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆసుపత్రిలో నైట్ డ్యూటీలో ఉన్న ట్రైనీ డాక్టర్‌పై జరిగిన అఘాయిత్యం, హత్య తర్వాత ఈ ప్రశ్న అడగడానికి ఎవరూ మొహమాటపడక్కర్లేదు. రాత్రి బట్టలు మార్చుకునే గది, కాసేపు కూర్చునే గది ఎక్కడ, లోపల గడియ ఉందా, సెక్యూరిటీ ఏ అంతస్తులో ఉంటారు, రోగి అటెండర్లు దాడికి దిగితే ఎవరు వస్తారు, పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఇంటర్నల్ కమిటీ ఉందా అని అడగండి.

7. జీతం చివర అడగండి, విడదీసి అడగండి

పై జవాబులన్నీ వచ్చాకే జీతం మాట్లాడండి. ముందే అంకె వింటే మిగతావి చెవికెక్కవు. రెండు వేలు ఎక్కువ అన్న మాట మూడు వెంటిలేటర్ల భారాన్ని కప్పేస్తుంది.

అడిగేటప్పుడు సీటీసీ అంకెతో ఆగకండి. బేసిక్ ఎంత? పీఎఫ్‌లో యాజమాన్యం వాటా కూడా ఆ సీటీసీలోనే కలిపారా? నైట్ అలవెన్స్ ఎంత? హాస్టల్, యూనిఫాం, భోజనం పేరుతో ఏం కోస్తారు? 2017 నుంచి ఈఎస్‌ఐ పరిమితి నెలకు 21,000 రూపాయలు. జీతం ఆ గీత కాస్త దాటితే ఈఎస్‌ఐ ఉండదు, అప్పుడు ఆసుపత్రి ఇచ్చే ఆరోగ్య బీమా ఏమిటో, అమ్మానాన్నలకు వర్తిస్తుందో లేదో చూసుకోవాలి. పెళ్లయినవాళ్లు ప్రసూతి సెలవు గురించి సిగ్గుపడకుండా అడగాలి. చట్టం 26 వారాల వరకు ఇచ్చింది, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే చోట శిశు సంరక్షణ గది ఉండాలంది.

న్యాయమైన జీతం ఎంతో కూడా తెలిసి ఉండండి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ ఇలా సిఫారసు చేసింది: 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రి రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి. 100 దాటితే తగ్గుదల 10 శాతం మించకూడదు, 50 నుంచి 100 అయితే 25 శాతం మించకూడదు. 50 లోపు పడకలున్నా 20,000కు తగ్గకూడదు. చాలాచోట్ల అది కాగితం మీదే ఉంది. అయినా మీ బేరానికి కొలబద్ద అదే కావాలి.

8. ఒరిజినల్స్ ఇమ్మంటే లేచి వచ్చేయండి

ఉద్యోగం పోతుందని భయపడి ఇచ్చేస్తారు. ఇవ్వకండి. పరిశీలనకు చూపించి, అక్కడే వెనక్కి తీసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉన్నంతకాలం మీరు ఇంకో ఇంటర్వ్యూకు వెళ్లలేరు, ప్రభుత్వ నోటిఫికేషన్ వస్తే సర్టిఫికెట్ల పరిశీలనకు హాజరు కాలేరు, మూడు మంచాలు ఇచ్చినా కాదనలేరు. బాండ్ ఉందంటే కాపీ ఇంటికి తెచ్చి చదవండి. శిక్షణ ఇచ్చామని డబ్బు అడిగితే ఏ శిక్షణ, ఎన్ని రోజులు అని అడగండి. చేతికివ్వని బాండ్ మీద సంతకం పెట్టకండి. మాదాపూర్ చుట్టూ ఐసీయూ నర్సుల అవసరం ఎప్పుడూ ఉంటుంది. ఈ ఒక్కచోటు పోతే ఇంకోటి దొరుకుతుంది.

9. ఆఫర్ చేతికొచ్చినా రాజీనామా ఆపండి

ముందు కౌన్సిల్ కాగితాలు. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు, ఆంధ్రప్రదేశ్‌కు నర్సింగ్ కౌన్సిళ్లు వేరయ్యాయి. ఏపీలో రిజిస్టరైనవాళ్లు అక్కడి నుంచి ఎన్‌ఓసీ తీసుకుని తెలంగాణ కౌన్సిల్‌లో నమోదు చేసుకోవాలి. కేరళ, కర్ణాటక నుంచి వచ్చేవాళ్లదీ ఇదే దారి. కాగితాలు తర్వాత ఇద్దువుగానిలే అనే ఆసుపత్రి మాటకు పొంగిపోకండి. ఏదైనా కేసు నడిస్తే రిజిస్ట్రేషన్ లేని నర్సు అన్న మాట మీ మీదే పడుతుంది. దరఖాస్తు పెట్టి, రసీదు చేతిలో పట్టుకుని, అప్పుడు పాత ఉద్యోగానికి నోటీసు ఇవ్వండి.

10. వెళ్లిపోవడం గురించి చేరేరోజే మాట్లాడండి

ఇది వింటే ఎవరైనా తప్పుపడతారు. కానీ చాలామంది మాదాపూర్‌ను మధ్యలో మజిలీగానే చూస్తారు. ఒకరి గురి ప్రభుత్వ ఉద్యోగం, ఇంకొకరిది జర్మనీ, బ్రిటన్, గల్ఫ్. ఆ గురిని బట్టే ఐసీయూను ఎంచుకోవాలి.

ప్రభుత్వ నౌకరీ కావాలనుకుంటే ఒకటి తెలుసుకోండి. తెలంగాణలో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు 2024లో నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు 80 మార్కులు రాతపరీక్షకు, 20 మార్కులు రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సర్వీసుకు కేటాయించారు. ప్రైవేటు ఐసీయూలో ఎన్నేళ్లు చేసినా ఆ 20లో ఒక్క మార్కూ రాలేదు. అలాంటివాళ్లకు చదువుకునే సమయం మిగిలే చోటు కావాలి.

విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఏం రాస్తారో ముందే అడగాలి. స్టాఫ్ నర్స్ అని ఒక్క ముక్క రాస్తే చాలదు. ఏ ఐసీయూ, ఎన్ని పడకలు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, ఏ రకం రోగులు అన్నవి అందులో ఉండాలి. పంపించే ఏజెంటు దొరకగానే డబ్బు కట్టకుండా, తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ దగ్గర కూడా వాకబు చేయండి.

చివరగా, రెండు ఆఫర్లు చేతిలో ఉంటే

ఒకచోట జీతం ఎక్కువ, రాత్రి ముగ్గురు రోగులు. ఇంకోచోట నాలుగు వేలు తక్కువ, వెంటిలేటర్ రోగికి ఒకరు, నేర్పే ఇన్‌చార్జ్, నడిచి వెళ్లే దూరంలో గది. రెండోదే ఎంచుకోండి. ఇంట్లో అప్పుంటే, తమ్ముడి ఫీజు కట్టాలంటే ఈ మాట కష్టంగా ఉంటుందని తెలుసు. అయినా రెండోదే. ముగ్గురు రోగుల రాత్రులు ఆరు నెలలు చేసి నడుము నొప్పితో, భయంతో నర్సింగే మానేసి ఊరెళ్లినవాళ్లకు ఆ నాలుగు వేలు అక్కరకు రాలేదు. బాగా నేర్పిన చోట రెండేళ్లు నిలబడిన నర్సు తర్వాతి ఉద్యోగంలో ఆ తేడాను తిరిగి అడిగి తీసుకోగలదు. కోరుకున్న ఐసీయూ ఇదే అని తాను చెప్పగల స్థితికి వస్తుంది. ఈ సలహాలన్నీ మిమ్మల్ని అక్కడికి చేర్చడానికే.